సముద్రంలో మొదటి తడి

మా తమ్ముడు సముద్రంలోకి వెళ్ళి వచ్చిన సంగతి మా ఇంట్లో అందరూ చెప్పారు. పెళ్ళిళ్ళలో చెప్పారు, బారసాలల్లో చెప్పారు, ఒకసారి చావింట్లో కూడా చెప్పుకుని నవ్వారు. అప్పటికి మా ఇంటి గడప కూడా తొక్కని మా మరదలు అందరికన్నా బాగా చెబుతుంది, గాలి చప్పుడుతో సహా. నన్ను మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. రేడియో ముందు కూర్చున్నది నేను. ట్రంకు కాలు కోసం బట్టల కొట్టు గుమ్మంలో నిలబడ్డది నేను. బస్సులు మారి వెళ్ళి వాడిని వెనక్కి తెచ్చింది నేను. కథలో నాకు దక్కిందేమిటంటే, రేడియోలో వార్తలు చదివే ఆయన్ని తిట్టిన పిచ్చివాడి వేషం. తిట్టిన మాట నిజమే. ఎందుకు తిట్టానో ఎవరైనా అడిగారా?

అందుకే రాస్తున్నాను. వాడు క్షేమంగా వచ్చాడు, ముందే చెబుతున్నాను, ఎవరూ కంగారు పడనవసరం లేదు. ఆ కంగారంతా అప్పుడే నేనొక్కడినే పడ్డాను.

ఎనభైల మధ్యలో మాట. నరసరావుపేటలో సత్తెనపల్లి రోడ్డు మీద మా నాన్న పెట్టిన ఆయిల్ ఇంజన్ల షాపు ఉండేది. బొల్లాపల్లి వైపు నుంచీ బెల్లంకొండ వైపు నుంచీ రైతులు బండ్ల మీద, తర్వాత తర్వాత ట్రాక్టర్ల మీద, మొరాయించిన ఇంజన్లను వేసుకొచ్చేవాళ్ళు. నాన్న పోయాక షాపు నేనూ మా తమ్ముడూ నడిపాం. నాకన్నా తమ్ముడు పనిలో చురుకు. నేను ఇంజను విప్పి చూస్తే కానీ చెప్పలేనిది వాడు చప్పుడు విని చెప్పేవాడు. ఈ సంగతి నేను ఎన్నడూ కాదనలేదు. ఎవరూ దీన్ని మళ్ళీ మళ్ళీ నాకు గుర్తు చేయనవసరం లేదు.

మా షాపుకు ఒక కట్టడి ఉండేది, నాన్న పెట్టింది. ఇంజను బాగుచేసి బావి దగ్గర బిగించాక, మేస్త్రీ అక్కడే ఉండాలి. నీళ్ళు కాలువలో పడి, చేనంతా మొదటి తడి పారేదాకా గట్టు దిగకూడదు. షాపులో నవ్వుతూ తిరిగిన ఇంజను బావి దగ్గరకు పోగానే అలుగుతుంది. మేస్త్రీ వెళ్ళిపోయాక అలిగితే రైతు మళ్ళీ బండి కట్టుకుని రావాలి. అది మనకు తలవంపు అని నాన్న అనేవాడు. తడి పారేలోగా ఆ రైతు ఇంట్లోనే భోజనం. రైతులు కూడా దాన్ని మర్యాదగా తీసుకునేవాళ్ళు. నా మొదటి పెళ్ళిచూపులకు నేను ఒక పూట ఆలస్యంగా వెళ్ళాను, గురజాల అవతల ఒక మిరపచేనుకు తడి పూర్తిగా పారలేదని. ఆ సంబంధం తప్పిపోయింది. పిల్ల తండ్రి అన్న మాట నాకింకా గుర్తుంది, ఇక్కడ రాయను. అయినా నేను గట్టు దిగలేదు.

ఆ ఏడు కార్తీకంలో నిజాంపట్నం రేవు నుంచి ఒక బోటు యజమాని మా షాపు వెతుక్కుంటూ వచ్చాడు. చిలకలూరిపేటలో ఆయన చుట్టమెవరో మా పేరు చెప్పాడట. పడవలకు ఇంజన్లు వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది కానీ, అవి చెడితే చూసే చేతులు రేవులో తక్కువ. ఆయన బోటులో ఉన్నది మన బావుల దగ్గర తిరిగే రకం ఇంజనుకే పెద్దన్న లాంటిది. ఆయన వచ్చి బెంచీ మీద కూర్చుని, నేను తెప్పించిన టీ తాగి, మాటలన్నీ తమ్ముడితోనే మాట్లాడాడు. లేవబోతూ నా వైపు చెయ్యి చూపించి తమ్ముడిని అడిగాడు.

"ఆయన కూడా పని చేస్తాడా?"

"మా అన్న. షాపు ఆయనదే," అన్నాడు తమ్ముడు.

"ఓహో," అన్నాడు ఆయన. అంతే. అంత దూరం నుంచి వచ్చినవాడు ఒక 'ఓహో' ఇచ్చి పోయాడు.

తమ్ముడు సంచీలో పానాలు, నాజిళ్ళు సర్దుకుని మర్నాడు వెళ్ళాడు. వారం లోపు వస్తానన్నాడు. అమ్మ పచ్చడి సీసా కట్టి ఇచ్చింది. నేను ఒక్క మాటే చెప్పాను, పని సగంలో వదిలి రావద్దని. ఈ మాట మీద తర్వాత ఎంత రాద్ధాంతం జరిగిందో చెబుతాను.

మాకు సముద్రంతో ఏం సంబంధం? మేం తినేది చెరువు చేప. సముద్రం చేప అంటే నిజాంపట్నం రేవులో కొని, వారానికి రెండు మూడుసార్లు బాపట్ల వైపు నుంచి బస్సు మీద తట్టలతో వచ్చే చేపల అక్క తెచ్చేదే. ఐసులో పెట్టిన వంజరం, కానాగంతలు, ఒక్కోసారి రొయ్యలు, ఎప్పుడూ ఉండేది ఎండు సావిడాయలు. ఆమె మా షాపు అరుగు మీదే తట్ట దించి కాసేపు కూర్చునేది. తమ్ముడు వెళ్ళినప్పటి నుంచి నేను ఆమెను చేపల సంగతి కాక సముద్రం సంగతి అడగడం మొదలుపెట్టాను. ఆమె ఓపిగ్గానే చెప్పేది. గాలి ఉత్తరం నుంచి నిలకడగా ఉంటే చేప దూరంగా ఉంటుందని, తూర్పుకు తిరిగితే వలలు చిక్కుపడతాయని, ఏటి నీళ్ళు ఎర్రగా కలిసి ఒడ్డు దగ్గర మురిగ్గా ఉన్న రోజుల్లో రొయ్య బాగా పడుతుందని. ఆ వారం నీళ్ళు అట్లాగే ఉన్నాయని, బోట్లన్నీ ఆత్రంగా పోతున్నాయని చెప్పింది.

ఇక రేడియో. మా షాపు ఎదురుగా టీకొట్టు చాచా దగ్గర ఒక ట్రాన్సిస్టరు ఉండేది. వార్తల చివర జాలర్లకు సూచన అని ఒకటి చదివేవాళ్ళు. మా రోడ్డు మీద ఆ సూచన వినేవాడు ఒక్కడు లేడు. అది రాగానే చాచా చెయ్యి గుండీ మీదకు పోయేది, పాటల కోసం. నేను వద్దన్నాను.

"సముద్రం ముచ్చట మనకెందుకు బేటా?" అన్నాడు చాచా.

"మా తమ్ముడు ఒడ్డున ఉన్నాడు, చాచా."

"ఒడ్డున ఉన్నాడుగా. ఒడ్డుకేం అయింది?" అన్నాడు. కానీ గుండీ తిప్పలేదు. ఆ మర్యాద ఆయనకు దక్కాలి.

అట్లా నేను విన్నాను. అల్పపీడనం, వాయుగుండం, సముద్రం అలజడిగా, మిక్కిలి అలజడిగా. మొదటి రెండు రోజులూ ఏమీ లేదు, గాలి మామూలు. మూడో రోజు అల్పపీడనం అన్నారు. షాపుకు వచ్చిన వాళ్ళు నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. నరసరావుపేటలో కూర్చుని అలల ఎత్తు లెక్కపెట్టే మనిషిని వాళ్ళెప్పుడూ చూడలేదట.

ఆ మర్నాడు పొద్దున చేపల అక్క వచ్చింది. తట్ట దించీ దించకముందే చెప్పింది.

"మీ తమ్ముడు బోటెక్కాడు అబ్బాయ్."

ఎందుకు ఎక్కాడని అడిగాను. ఇంజను బాగయిపోయింది, రేవులోనే తిప్పి చూశారు, బ్రహ్మాండంగా ఉంది. యజమాని ఇక వెళ్ళిరమ్మన్నాడు. మా వాడు వెళ్ళనన్నాడట.

"మొదటి తడి పారాలంట. అదేందో మాకెవరికీ అర్థం కాలా. వేటకు పోయి వల వేసి తిరిగొచ్చేదాకా మేస్త్రీ ఇంజను దగ్గరే ఉండాలన్నాడంట. బోటు నడిపే సరంగు వద్దన్నాడు, వలలు లాగే కళాసీలు నవ్వారు. ఈయన మాత్రం ఇంజను పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చీకటితోనే పోయారు."

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు గర్వంగానే ఉంది. నాన్న మాట సముద్రం దాకా పోయిందని. అది మధ్యాహ్నం వార్తల దాకా నిలిచింది. మధ్యాహ్నం వార్తల్లో అల్పపీడనం వాయుగుండంగా మారిందని చెప్పారు. వేటకు వెళ్ళినవారు వెంటనే తీరానికి చేరుకోవాలన్నారు.

నేను తిట్టింది అప్పుడే. ఇప్పుడైనా ఎందుకో వినండి. వేటకు వెళ్ళినవాడు నడి సముద్రంలో ఉంటాడు. వాడికి మీరు చదివేది ఎట్లా వినపడుతుంది? వాడు విన్నాడో లేదో మీకెట్లా తెలుస్తుంది? ఒడ్డున ఉన్నవాడికి వినిపించి నడి సముద్రంలో వాడిని రమ్మంటే, వినేవాడు ఏం చెయ్యాలి? నా ప్రశ్నలో తప్పేముంది? కాకపోతే ఆ ప్రశ్న గట్టిగా అడిగాను, టీకొట్టు ముందు, ట్రాన్సిస్టరు వైపు వేలు చూపిస్తూ. అప్పుడు అక్కడున్నది ఒక బొల్లాపల్లి రైతు. ఆయన ఇంజను నా షాపులో హెడ్డు విప్పి ఉంది.

"ఏందయ్యా, ఆ పెట్టెతో పోట్లాట?" అన్నాడు.

తమ్ముడు సముద్రంలో ఉన్నాడని చెప్పాను.

"మీ వాడు నీళ్ళు పైకి తోడే మనిషి కదా. నీళ్ళలోకెందుకు పోయాడు?" అన్నాడు. పక్కనున్న వాళ్ళు నవ్వారు. అంతటితో ఊరుకోలేదు. వాయుగుండం బలపడితే రెండు రోజులు గట్టిగా పడుతుందని, వాళ్ళ కందికి, మిరపకు అదే ప్రాణమని, రావాలని మొక్కుకుంటున్నామని చెప్పాడు. ఆయన తప్పు కాదని ఇప్పుడు తెలుసు. బొల్లాపల్లిలో ఆకాశం చూసి బతికేవాడికి సముద్రానికి కోపం వస్తేనే పంట. మా ఊళ్ళోనే కాదు, మాచర్ల దాకా ఆ రోజు అందరూ ఆ వాన కోసమే చూస్తున్నారు. రాకూడదని కోరుకున్నవాడిని నేనొక్కడినే. అయినా ఆయన ఇంజనును ఆ మూడు రోజులూ నేను ముట్టలేదు. రింగులు దొరకలేదని చెప్పాను.

సాయంత్రానికి మబ్బు కమ్మింది. బట్టల కొట్టు షావుకారు దగ్గర టెలిఫోను ఉండేది. రేవులో ఐసు ఫ్యాక్టరీ నంబరు బోటు యజమాని వెళ్ళేటప్పుడు ఇచ్చి పోయాడు, నాకు కాదు, తమ్ముడికి. తమ్ముడు అది షాపు గోడ మీద సుద్దతో రాసి, ఈ బట్టల కొట్టు నంబరు తన చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ట్రంకు కాలు బుక్ చేశాను. కొట్టు మూసేదాకా గుమ్మంలో నిలబడ్డాను. లైను కలవలేదు. లోపలికి వచ్చి కూర్చోమని షావుకారు అనలేదు. గుమ్మం తడుస్తోందని మాత్రం అన్నాడు.

ఇంటికి పోయి అమ్మకు చెప్పక తప్పలేదు. అమ్మ ఏడవలేదు. బియ్యం ఏరుతూ ఉంది, ఏరుతూనే ఉంది.

"వాడికి తడి మాట నేర్పిందెవరు?" అంది చివరికి.

"నాన్న," అన్నాను.

"చెప్పింది మీ నాన్న. పట్టుకుని వేలాడింది నువ్వు. నీ పెళ్ళి చెడగొట్టుకున్నావు, వాణ్ణి సముద్రంలో కూర్చోబెట్టావు."

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోకుండానే పోయింది. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. బావి గట్టు వేరు, సముద్రం వేరు అని వాడికి తెలియదా? ఉప్పెన వచ్చిన ఏడు మేమంతా ఏం విన్నామో వాడూ విన్నాడు కదా. పని సగంలో వదిలి రావద్దన్నాను కానీ, సముద్రం మీదకు పొమ్మన్నానా?

మర్నాడు మా ఊళ్ళో వాన మొదలైంది. సన్నటి, తెంపులేని వాన. చేపల అక్క రాలేదు. బాపట్ల బస్సులు ఆగిపోయాయని డిపోలో చెప్పారు. లైను కలవలేదు. మధ్యాహ్నం చాచా ట్రాన్సిస్టరు తువ్వాలులో చుట్టి తెచ్చి నా షాపులో పెట్టాడు. టీకొట్టు దగ్గర కూర్చునేవాళ్ళు పాటలు లేవని గొణిగినా సరే, రెండు రోజులు నా దగ్గరే ఉంచాడు. "నీ దగ్గరే ఉంచుకో బేటా, ఆ పెట్టెకు నీతోనే పని," అన్నాడు. నా జీవితంలో నా మాట పట్టించుకున్న మనుషులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అందులో చాచా ఒకడు.

రేడియో వాళ్ళు ఆ రోజు ప్రతి వార్తల్లోనూ చదివారు. సముద్రం మిక్కిలి అలజడిగా ఉంది, ఈదురుగాలులు, వేటకు వెళ్ళరాదు. నాకు తెలియనిదల్లా ఒక్కటే, దాని గురించి వాళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు. వెళ్ళినవాళ్ళు వచ్చారా?

ఆ తర్వాతి రోజు వాయుగుండం మాకు ఉత్తరాన ఎక్కడో తీరం దాటి బలహీనపడిందని పొద్దున ఒక్క వాక్యం చదివారు. మధ్యాహ్నం జాలర్ల సూచనే లేదు. నేరుగా వ్యవసాయదారుల కార్యక్రమం, తర్వాత పాటలు. నాకు దానికే అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది. సముద్రం శాంతించిందని కూడా చెప్పరా? ఒడ్డుకు రమ్మని చెప్పిన నోటితో, వచ్చారు అని ఒక మాట చెప్పకూడదా? దీని మీద తర్వాత నేను రేడియో వాళ్ళకు కార్డులు రాశాను. ఒకటి కాదు. జవాబు రాలేదు. శ్రోతల ఉత్తరాల్లో పాటలు అడిగిన వాళ్ళ పేర్లు మాత్రం చదివారు, అవి కూడా విన్నాను.

ఆ పూటంతా లైను కోసం చూసి, మర్నాడు వాన తగ్గగానే బస్సెక్కాను. చిలకలూరిపేటలో ఒకటి మారాను, బాపట్లలో ఒకటి మారాను. రోడ్డు పక్కన వరి అంతా పడుకుని ఉంది. కొబ్బరి మట్టలు రోడ్డు మీద. సముద్రం మొదటిసారి చూడబోతున్నానని ఆ దారిలో నాకు తట్టనే లేదు.

నిజాంపట్నంలో దిగాక తెలిసింది, రేవు సముద్రం మీద లేదు, ఒక పాయ మీద ఉంది. సముద్రం ఇంకా ముందుకు పోవాలట. నేను పోలేదు. అంత దూరం వెళ్ళి సముద్రం చూడకుండా వచ్చినవాడినని మా మరదలు నవ్వుతుంది. నేను సముద్రం చూడటానికి వెళ్ళలేదు.

పాయలో బోట్లు ఒకదానికొకటి కట్టి ఉన్నాయి. తెగిన వలలు, ఐసు పెట్టెలు, పారబోసిన బురద నీళ్ళు. ఎవరిని అడగాలో తెలియక నిలబడి ఉంటే ఒక ఇంజను చప్పుడు వినపడింది. చెవి అటు పోయింది. ఇంజను వేగం మెల్లగా పెంచి, ఒక క్షణం పట్టి ఉంచి, మళ్ళీ మెల్లగా దించడం. ఆ చెయ్యి నాకు తెలుసు. ఆ చెయ్యికి అది నేర్పింది నేనే.

ఎవరిదో గళ్ళ లుంగీ, ఒంటి మీద చొక్కా లేదు, నూనె మొహం. అది వాడెక్కిన బోటు కాదు, వేరే బోటు. వాడు తల ఎత్తి నన్ను చూశాడు.

"ఏందన్నా, నువ్వొచ్చావ్?" అన్నాడు.

అక్కడే ఒక తాళ్ళ చుట్ట మీద కూర్చున్నాను. కూర్చున్నాక కానీ తెలియలేదు, ఆ మూడు రోజులూ నేను సరిగ్గా ఊపిరి పీల్చలేదని. ఉప్పు గాలి, చేపల కంపు, డీజిలు వాసన, అన్నీ ఒక్కసారి లోపలికి పోయాయి. అంత మంచి గాలి నేను మళ్ళీ ఎప్పుడూ పీల్చలేదు.

జరిగింది సరంగు చెప్పాడు. నల్లగా, కుదిమట్టంగా ఉన్న మనిషి. వాళ్ళ దగ్గరా ఒక ట్రాన్సిస్టరు ఉందట. మధ్యాహ్నం సూచన వాళ్ళూ విన్నారు. అంటే అదే మాట, అదే వేళకు, నేను టీకొట్టు ముందు, వాడు సముద్రం మీద విన్నాం. రొయ్య బాగా పడుతోంది, ఇంకొక్క వల అని కళాసీలు అన్నారు. గాలి తూర్పుకు తిరగడం చూసి సరంగు వల పైకి లాగించేశాడు. తిరిగి వస్తుండగా అల కొట్టి డీజిలులో నీళ్ళు కలిశాయి. ఇంజను దగ్గి ఆగిపోయింది. బోటు గాలికి అడ్డం తిరిగింది.

"ఆ ఊపులో మేం గుంజ పట్టుకుని నిలబడలేకపోతున్నాం. మీ తమ్ముడు బోర్లా పడుకుని, ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో డీజిలు గొట్టం విప్పి నీళ్ళు వదిలాడు, లోపల చేరిన గాలి తీశాడు. వాంతి చేసుకుంటూనే తీశాడు. మళ్ళీ పట్టుకుంది ఇంజను. ఆయన లేకపోతే మేం ఆరుగురం ఉండేవాళ్ళం కాదయ్యా," అన్నాడు సరంగు.

రేవుకు రాలేక, దగ్గర్లో కృష్ణ సముద్రంలో కలిసే చోట మడచెట్ల మధ్య ఒక పాయలోకి దూరి లంగరు వేశారు. అక్కడ గాలి తగలదు. తుఫాను పోయేదాకా అక్కడే, పట్టిన రొయ్యలు ఉడకబెట్టుకుని తింటూ.

"మన కృష్ణలోనే పడుకున్నాం అన్నా," అన్నాడు తమ్ముడు. మా మేనమామ ఊరు బెల్లంకొండ అవతల. వేసవి సెలవుల్లో మేమిద్దరం ఆ కృష్ణలో ఈదేవాళ్ళం. "అక్కడ నీళ్ళు కొంచెం ఉప్పగా ఉన్నాయంతే."

నేను నవ్వాను. అప్పుడు అడిగాను, ఎప్పుడొచ్చారు ఒడ్డుకని.

"నిన్న పొద్దున," అన్నాడు.

నిన్న పొద్దున. నిన్న పొద్దున నేను రేడియో పక్కన కూర్చుని ఉన్నాను. నిన్న మధ్యాహ్నం నేను కార్యక్రమం మారిందని భయంతో చచ్చాను. వాడు నిన్న పొద్దున ఒడ్డుకు వచ్చి, స్నానం చేసి, లుంగీ అరువు తీసుకుని, ఈ రెండో బోటు ఇంజను విప్పి కూర్చున్నాడు.

మరి ఇంటికి రాలేదేమని అడిగాను. వాడు ఇంజను వైపు చూపించాడు.

"ఇది ఇంకా వేటకు పోలేదన్నా. సముద్రం ఇంకో రెండు మూడు రోజులు ఒప్పుకోదంట. మొదటి తడి పారకుండా ఎట్లా వస్తాను?"

సరంగు నా మొహం చూశాడు, కళాసీలు నా మొహం చూశారు. మా తడి ఏమిటో ఈపాటికి రేవంతటికీ తెలిసినట్టుంది.

"పారినా పారకపోయినా బస్సెక్కు," అన్నాను.

"మరి నాన్న మాట?"

"సముద్రానికి తడేందిరా? అంతా తడే. చొక్కా తొడుక్కో."

దీన్నే మా ఇంట్లో నేను కట్టడి తప్పిన రోజు అని చెప్పుకుంటారు. నేను తప్పలేదు. కట్టడి చేలకు పెట్టింది, సముద్రానికి కాదు. అదే మాట చెప్పాను, అంతే. పైగా మేస్త్రీ మొదటి తడి దాకా ఉండాలన్న మాట వల్లే ఆ బోటు మీద ఆరుగురు బతికారని సరంగు తన నోటితోనే అన్నాడు. ఈ ముక్క మా మరదలు చెప్పే కథలో ఉండదు. బోటు యజమాని వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, పెద్ద మేస్త్రీ గారూ అన్నాడు. ఆ 'ఓహో' అప్పుడు మాఫీ చేశాను. పూర్తిగా కాదు.

బస్సు కోసం నిలబడి ఉండగా ఐసు ఫ్యాక్టరీ గుమాస్తాను అడిగాను, టెలిఫోను ఎప్పుడు బాగయిందని. నిన్న మధ్యాహ్నం నుంచి బాగానే ఉందన్నాడు. నరసరావుపేట నుంచి నాకు కలవలేదు కానీ, అక్కడి నుంచి గుంటూరుకూ చీరాలకూ మాట్లాడారట. నేను తమ్ముడి వైపు చూశాను. వాడు చేపల బుట్ట సర్దుతున్నాడు. వాడి చొక్కా జేబులో బట్టల కొట్టు నంబరున్న కాగితం తడిసి ఆరి, అప్పడంలా బిగిసిపోయి, ఇంకా అక్కడే ఉంది. అంకెలు కనిపిస్తున్నాయి. నేను చూశాను.

దారంతా వాడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. బాపట్లలో దిగి మారి మళ్ళీ నిద్రపోయాడు. నా చొక్కాకు చేపల కంపు పట్టింది. లేపి అడుగుదామనుకున్నాను, లేపలేదు. ఆ బరువు భుజం మీద ఉంటే చాలనిపించింది. నరసరావుపేటలో బస్సు దిగగానే చాచా ఎదురొచ్చి వాడిని కౌగలించుకున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి వాడి తల, చెవులు, చేతులు తడిమి చూసి, ఏందిరా ఈ కంపు, పో, స్నానం చెయ్యి అంది. నాతో ఏమీ అనలేదు. ఆ రాత్రి రొయ్యల ఇగురులో పెద్దవన్నీ నా కంచంలోకి వచ్చాయి. అమ్మ క్షమాపణ అదే అనుకుంటే అనుకోవచ్చు. మాట వెనక్కి తీసుకోవడం వేరు.

మర్నాడు బొల్లాపల్లి రైతు ఇంజనుకు రింగులు దొరికాయి. వాన బాగా పడినందుకు ఆయన చేను నిండుగా ఉంది. తడి అవసరమే లేదు. అయినా తమ్ముడు వెళ్ళి ఇంజను బిగించి, కాలువలో నీళ్ళు పడేదాకా గట్టు మీద కూర్చుని వచ్చాడు.

ఆ తర్వాత మా తమ్ముడు చాలాసార్లు రేవుకు వెళ్ళాడు. కొంతకాలానికి అక్కడే షాపు పెట్టాడు, అక్కడి పిల్లనే చేసుకున్నాడు. వస్తూ పోతూ ఉంటాడు. వచ్చినప్పుడల్లా చేపలు తెస్తాడు. వచ్చినప్పుడల్లా నేను ఆ టెలిఫోను సంగతి అడుగుతాను. వాడు నవ్వి, ఇప్పుడెందుకులే అన్నా, అంటాడు. మా మరదలు పులుసు వడ్డించి మాట మారుస్తుంది. పిల్లలు, రేడియోను తిట్టిన పెదనాన్నా అంటూ మీద పడతారు. ప్రశ్న అట్లాగే ఉండిపోతుంది.

రేడియో వాళ్ళను అడిగాను, వాళ్ళు చెప్పలేదు. వాళ్ళకు నేనెవరో తెలియదు, పోనీ. అమ్మ మాట అమ్మతోనే పోయింది. నువ్వున్నావు, తమ్ముడూ. క్షేమంగా ఉన్నావు, నాకన్నా బాగా తింటున్నావు, నీ మీద కోపం తెచ్చుకునే అవకాశం నాకు ఆ దేవుడు ఇచ్చాడు, దానికి నేను ప్రతి రోజూ దండం పెట్టుకుంటాను. కానీ దండం వేరు, జవాబు వేరు. ఒడ్డుకు చేరావు. జేబులో నంబరుంది. పది అడుగుల్లో టెలిఫోనుంది. మధ్యాహ్నం నుంచి లైనుంది. 'అన్నా, వచ్చాం' అని ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? ఈసారి వచ్చినప్పుడు పులుసు తర్వాత కాదు, బుట్ట దించకముందే, నా ఎదురుగా కూర్చుని చెప్పు.